సున్నా లేని రిజిస్టర్

లింగస్వామి నోట్లో పోసిన పలచటి మజ్జిగ కూడా గడ్డపెరుగై బయటికొస్తుందని త్రిపురారం చుట్టుపక్కల ఒక మాట ఉంది. ముప్పై ఏళ్లు మిర్యాలగూడ రైసుమిల్లులో కాంటా దగ్గర నిలబడ్డ మనిషి. కాంటా మీద ఒక్క గింజ తేడా రానిచ్చేవాడు కాదు. కాంటా దిగి కాలువ గట్టు మీద రుక్కమ్మ చాయ్ హోటల్ బల్ల ఎక్కాడంటే మాత్రం కిలో కాస్తా క్వింటాలయ్యేది, క్వింటాలు లారీ లోడయ్యేది. వినేవాళ్లకూ అదే కావాలి. నాట్లు అయిపోయిన రోజుల్లో సాయంత్రాలు ఇంకెలా గడుస్తాయి?

ఆ సాయంత్రం బల్ల చివర ఆయన కూతురు కరుణ కూడా కూర్చుని ఉంది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఆమె పని. పొద్దున్నే బస్సు దిగింది. బ్యాగులో రెండు కాగితాలున్నాయి. రెండింటి మీదా ఆమె సంతకం, ఆమె గైడు సంతకం పడ్డాయి. మూడో సంతకం లింగస్వామిది కావాలి. అది కూడా రెండింట్లో ఒకదాని మీదే. "ఏది నిజమైతే అది పంపు" అని చెప్పి పంపాడు గైడు.

నాలుగేళ్ల కిందటి సంగతి ఇది. గొర్రెలకు వచ్చే నీలినాలుక రోగానికి కరుణ ఒక టీకా తయారు చేసింది. రోగపు క్రిమిని అణుకిరణాలతో చంపి, ఆ చచ్చిన క్రిమినే సూదిమందుగా ఇవ్వడం దాని కిటుకు. ఊళ్లో ఉపేందర్ మందలో నలభై గొర్రెలను ఎంచుకుంది. ఇరవైకి సూది వేసి వీపు మీద ఎర్రరంగు పూసింది, ఇరవైని వదిలేసింది. అరవై రోజులపాటు రోజుకొక్కసారి నలభై గొర్రెలకూ జ్వరం చూసి రిజిస్టర్లో రాయాలి. తనకు ల్యాబులో పని. తండ్రి చేతికి థర్మామీటర్, రిజిస్టర్ ఇచ్చి వెళ్లింది. రెండు నెలల తర్వాత ఆయన రిజిస్టర్ తెచ్చి ఇచ్చాడు. రోజుకు ఒక్కసారి కాదు, మూడుసార్లు చూసి రాశాడు. మొత్తం ఏడు వేల రెండు వందల అంకెలు. సూది వేసిన గొర్రెలకు ఒక్క రోజూ జ్వరం లేదు.

ఆ అంకెల మీదే రెండు పరిశోధన పత్రాలు నిలబడ్డాయి. ఒకటి ఇమ్యునాలజీ పత్రికలో, క్రిమిని చంపిన కిరణాల సంగతి మీద ఇంకొకటి న్యూక్లియర్ ఫిజిక్స్ పత్రికలో. పని చేసినవాళ్ల పేరు ఉండి తీరాలని కరుణ పట్టుబట్టి, రెండింట్లోనూ మూడో పేరుగా తండ్రి పేరు పెట్టింది.

పోయిన నెల ఆ పత్రికల నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరో కూర్చుని లెక్కపెట్టారు. ఏడు వేల రెండు వందల అంకెల్లో ఒక్కటి కూడా సున్నాతో ముగియలేదు. నిజంగా చూసి రాస్తే పదింట్లో ఒకటైనా సున్నా రావాలి. దీనికి రెండే కారణాలుండాలి. ఆ థర్మామీటర్‌లో చివరి సున్నా పడని లోపమైనా ఉండాలి, ఎవరూ జ్వరం చూడకుండా రాసైనా ఉండాలి. మొదటిదైతే థర్మామీటర్ పంపి, జరిగింది చెప్పుకుంటే పత్రాలు బతుకుతాయి. రెండోదైతే రెండింటినీ వెనక్కి తీసుకోవాలి. కొలువు పోతుంది. అదొక్కటే అయితే కరుణకు ఇన్ని రాత్రులు నిద్ర పట్టకపోయేది కాదు. వచ్చే నెలలో ఈ అంకెలను నమ్మి కోదాడ, హుజూర్‌నగర్ పక్క ఊళ్లలో రెండు వేల గొర్రెలకు ఆ సూది వేయబోతున్నారు. అవి మనుషులు బతుకు పెట్టుకున్న గొర్రెలు. జవాబుకు గడువు సోమవారం. ఆ రెండు జవాబులే బ్యాగులోని రెండు కాగితాలు.

పొద్దుటి నుంచి తండ్రిని థర్మామీటర్ అడుగుతూనే ఉంది. "ఉంటది తియ్ బిడ్డా, ఏడికి పోతది" అని ఆయన కండువా భుజాన వేసుకుని హోటల్‌కు నడిచాడు. ఆమె వెనకే వచ్చింది. వచ్చినందుకు ఆయన ఉబ్బిపోయి చాయ్ చెప్పి, బల్ల తుడిచి కూర్చోబెట్టాడు.

"నేనేం పెద్దోన్ని కాదు," అని మొదలుపెట్టాడు లింగస్వామి. "ఏదో రెండు పుస్తకాలల్ల పేరు పడ్డది, గంతే. ఒకటి రోగాన్ని తట్టుకునే శాస్త్రం, ఇంకోటి అణువును పలగ్గొట్టే శాస్త్రం. పెద్దపెద్ద సదువులు సదివినోళ్లకు ఒక్కదాంట్ల పడుడే కష్టం. నేను ఏడో తరగతి. రెండింట్ల పడ్డ."

"ఏడు పాసా, ఫెయిలా మామా?" అన్నాడు ఆటో నడిపే జితేందర్.

"పరీక్షనాడు జ్వరమొచ్చింది రా. జ్వరానికి నాకు గప్పటిసంది సుట్టరికం."

నవ్వులు. రుక్కమ్మ చాయ్ వడబోస్తూ కరుణ వైపు చూసి కన్నుకొట్టింది. కరుణ నవ్వలేకపోయింది.

"పేరు పడంగనే అయిపోదు. సైటేషన్ అని ఒకటి ఉంటది. దేశదేశాల సైంటిస్టులు వాళ్ల పుస్తకాలు రాసుకునేటప్పుడు, 'ఈ మాట మేం అంటలేం, త్రిపురారం లింగస్వామి అన్నడు' అని రాసుకోవాలె. లేకుంటె ఆ పుస్తకం సెల్లది. ఇయ్యాల్టికి మూడు వందల పన్నెండు మంది రాసుకున్నరు. ఇగో సూడు." ఆయన ఫోన్ తీసి అందరి మొహాల ముందూ తిప్పాడు. "ఈ ఆర్నెల్లల్ల నలభై పెరిగినయి. నలభై!"

ఆ నలభై గురించి కరుణకు తెలుసు. ఒక్కొక్కటీ చదివింది. అందులో ముప్పై ఎనిమిది, ఈ అంకెలను నమ్మవద్దు అని రాసినవి.

"పదిమంది పేరు తీస్తున్నరంటె మంచికేనా లింగసామీ?" అంది రుక్కమ్మ. "పోయినేడు బాయికాడి మోటర్లు ఎత్కపోయినోని పేరు గూడ ఊరంత తీసిండ్రు గద."

"నీకు తెల్వదు గని నువ్వు చాయ్ పొయ్యి," అని లింగస్వామి ఆ మాటను ఈగను తోలినట్టు తోలేశాడు. "అసలు పని సంగతి ఇనుండ్రి. గొర్రెకు జ్వరం సూసుడంటె నోట్లె పెట్టుడు గాదు. తోక లేపాలె. మొదటిరోజు నలభై గొర్లు తన్నినయి. నలభై తన్నులు తిన్న, నలభై అంకెలు రాసిన. మూడో రోజుకు ఈల ఏస్తె లైన్ కట్టినయి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పదో రోజుకు ఈల గూడ అక్కర లేదు. నేను గట్టు మీద కనపడుడే ఆలస్యం, నలభై గొర్లు ఎనక్కి తిరిగి తోకలు లేపి నిలవడేటియి. మిల్లు ముంగట టోకెన్లు పట్టుకొని ట్రాక్టర్లు నిలవడ్డట్టు!"

"నడుమల దూరేటివి లేవా?" అన్నాడు జితేందర్.

"ఒక పొట్టేలు దూరబోయింది. ఎనకున్న గొర్రె కుమ్మింది, నీ నంబరు రాలేదని."

జితేందర్ బల్ల మీద చరిచాడు. గొంగడి కప్పుకుని గోడకు ఆనుకున్న ఉపేందర్ కూడా నవ్వాడు. గొర్రెలు ఆయనవే. నెలల తరబడి మందతో తిరిగి నిన్ననే ఊరు చేరాడు. తన గొర్రెలు క్యూ కట్టాయని వినడం ఆయనకూ ముచ్చటగానే ఉంది.

కరుణ చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. కోతలు పక్కన పెడితే లోపల ఒక గింజ ఉంటుంది, అనుకుంది. తండ్రి కోతల్లో ఎప్పుడూ ఉంటుంది. పొట్టేలు అబద్ధం, కానీ గట్టు మీదికి వెళ్లడం నిజమై ఉండాలి. ఆ ఒక్కటి నిజమైతే చాలు.

"గంతల ఎండకాలమొచ్చింది. గడ్డి లేదు. మంద వాడపల్లి కాడ కృష్ణ దాటింది. రిజిస్టర్ ఆపుతనా నేను? మూసీ వచ్చి కృష్ణల కలిసే కాడ సుడి ఉంటది, గాడ దిగిన. రిజిస్టర్ నెత్తిమీద, థర్మామీటర్ పండ్ల నడుమ..."

"తోకకింద పెట్టింది పండ్ల నడుమనా? థూ!" అంది రుక్కమ్మ.

"శాస్త్రానికి ఎంగిలి లేదక్కా. సగం దూరం పోంగనే మొసలి. మంచమంత నోరు తెరిచింది. నేనేం జేసిన? థర్మామీటర్ దాని నాలికె కింద పెట్టిన."

"ఎంతుండె మామా?"

"నూట నాలుగు పాయింట్ ఆరు. 'నీకే జ్వరమున్నది, పో, పోయి పండుకో' అన్న. తల ఊపుకుంట పోయింది. మర్నాటిసంది అదే వచ్చి నన్ను ఒడ్డుకు దించి పోయేది. రోజుకు మూడుసార్లు జ్వరం సూడాలె. అంటె పోను రాను ఆరుసార్లు కృష్ణ దాటాలె. అరవై రోజులు. లెక్కేసుకోండ్రి."

మూడుసార్లు అన్న మాట దగ్గర కరుణ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తాను ఒక్కసారే చెప్పింది. మూడుసార్లు చూసినప్పుడు సంబురపడింది. నీ చదువంతా ఒక ఎత్తు, మీ నాయిన ఓపిక ఒక ఎత్తు అని గైడు అంటే గర్వపడింది. అరవై మూడేళ్ల మనిషి ఎండలో మూడుసార్లు ఎలా వెళ్లాడని ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడం తన తప్పు. దాన్ని తండ్రి మీదికి తోయడానికి లేదు.

"మందను కోదాడ మీదికెల్లి మళ్లిచ్చుకొస్తున్నం," లింగస్వామి గొంతు పెంచాడు. "సూది ఏసిన గొర్లల్ల అణుశక్తి ఉంటది గద? చెక్‌పోస్ట్ కాడ మిషన్ కుయ్‌మన్నది. పోలీసాయన ఉరికొచ్చి, 'ఏంటండీ ఈ గొర్రెలు, ఇలా వెలిగిపోతున్నాయి' అన్నడు. అవు మల్ల, వెలుగుతున్నయి! పొద్దుమునిగితె ఇరవై గొర్లు ఇరవై కరెంటు బుగ్గల లెక్క. కరెంటు పోయినప్పుడు ఊరోళ్లు ఇంటికొకటి తీస్కపోయి గుంజకు కట్టేసుకున్నరు. పిలగాండ్లు దాని పక్కన కూసోని సదువుకున్నరు."

వేరే రోజైతే కరుణ అడ్డుపడేది. కిరణాలు క్రిమికి తగులుతాయి నాయినా, గొర్రెకు కాదు అని చెప్పేది. ఆయన, "అట్లనే అన్న గద" అని ఇంకో రెండు గొర్రెలను వెలిగించేవాడు. ఈ రోజు ఆమె వాటిని వెలగనిచ్చింది.

"సూర్యాపేటల సభ పెట్టి నాకు శాలువ కప్పిండ్రు. పక్కనున్న గొర్రెకు గూడ కప్పబోయిండ్రు. వద్దన్న. అది ఉన్ని ఇచ్చుడే గని తీస్కునుడు ఎరగదన్న. సభల ఉన్నోళ్లంత కండ్లనీళ్లు పెట్టుకున్నరు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"చెప్పు మామా, చెప్పు!"

"దేశం బయటికెల్లి ఫోన్. అణుకేంద్రమోళ్లు. 'లింగస్వామిగారూ, మా రియాక్టర్‌కు జ్వరమొచ్చింది. మూడు రోజులాయె, తగ్గుతలేదు. మీరొక్కసారి థర్మామీటర్ పట్టుకొని వస్తె...' అని బతిలాడుతున్నరు. ఇమానం పంపుతమన్నరు."

"రియాక్టర్‌కు తోక ఏడుంటది మామా?" జితేందర్ నవ్వుతూ బల్ల మీంచి జారిపోయాడు.

"ఎతికితె దొరుకుతది. గని నేను పోలే."

"ఎందుకు?"

"థర్మామీటర్ లేకపాయె."

కరుణ తల ఎత్తింది. "ఏమైంది నాయినా?" ఆమె గొంతు చిన్నదే. నవ్వుల మధ్య అది తండ్రి ఒక్కడికే వినబడింది. ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. జితేందర్ వైపు చూస్తూ చెప్పాడు.

"అరవయ్యో రోజు. ఆఖరి గొర్రె. ఆఖరి అంకె రాసిన. గొర్రె తుమ్మింది. థర్మామీటర్ తూటా లెక్క పోయి కాలువల పడ్డది. ఒక బొచ్చెచాప మింగింది. గప్పటిసంది ఈ కాలువ చాపలకు రోగమే లేదు. ఎవలన్న సూసిండ్రా, జ్వరమొచ్చిన చాపను?"

హోటలంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే ఉపేందర్ గొంగడి కింద నుంచి చేతిసంచి తీసి వెతకడం మొదలుపెట్టాడు. దాంట్లో గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర ఉంది, పసుపు పొట్లం ఉంది. అడుగున ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"మామా, చాప మింగుడేంది? నీ థర్మామీటర్ నాలుగేండ్లసంది నాకాడ్నే ఉన్నది గద."

డబ్బా మీద సంస్థ అంటించిన నంబరు ఇంకా చెరగలేదు. కరుణ చేతిరాతే అది.

"అక్క సూదులేసి పోయిన తెల్లారే నేను మంద తోలుకొని పోతి," అన్నాడు ఉపేందర్, మంచి జోకు చెబుతున్న హుషారుతో. "'నీ సంచిల ఎయ్యిరా, నువ్వు తిరిగొచ్చినంక సూద్దాం' అన్నవ్. నేనొచ్చేసరికి రెండు నెలలాయె. కృష్ణ అవతలికి నువ్వు ఒక్కపాలి గూడ రాకపోతివి. మొసలి నిన్నేడ సూసింది మామా?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా పేలింది. జితేందర్ ఈల వేశాడు. లింగస్వామి కూడా నవ్వబోయాడు. పెదవులు కదిలాయి, నవ్వు రాలేదు.

"మంచిగ పనిచేస్తదక్కా," అని ఉపేందర్ కరుణ వైపు జరిగాడు. "బాటరీ మార్పిచ్చిన. రాత్రి మా ఇంటామెకు జ్వరమొస్తె దీంతోనే సూసిన. సరిగ్గ నూటొకటి పాయింట్ సున్న."

"కడిగినవా లేదా రా ముందు?" అని రుక్కమ్మ అరిచింది. మళ్లీ నవ్వులు.

కరుణ డబ్బా తెరిచింది. మీట నొక్కి, థర్మామీటర్ కొనను పిడికిట్లో పట్టుకుంది. కాసేపటికి అది కూత పెట్టింది. తొంభై ఆరు పాయింట్ సున్నా. సున్నా గుండ్రంగా, నిక్షేపంగా కనబడుతోంది.

"ఉపేందరూ, అవతల గొర్లకు రోగం వచ్చిందా?"

"నాలుగు సచ్చినయి గదక్కా. నాలికెలు నీలమై. మామకు చెప్పిన."

"ఎర్రరంగు పూసినవా, పూయనివా?"

"ఎట్ల ఎరుక అక్కా? నది దాటంగనే రంగంత పోయె."

కరుణ లేచింది. "దా నాయినా" అంది. హోటల్‌కు పది అడుగుల దూరంలో కల్వర్టు గోడ ఉంది. తండ్రీ కూతుళ్లు అక్కడికి నడిచారు. వెనక జితేందర్ మొసలి కథను మళ్లీ మొదటి నుంచీ తన గొంతుతో మొదలుపెట్టాడు.

"ఒక్కసారి సూడమన్న గద," అంది కరుణ. "మూడుసార్లు ఎందుకు రాసినవ్?"

లింగస్వామి కాలువ నీళ్ల వైపు చూశాడు. "బిడ్డ ఒకటడిగితె ఒకటే ఇస్తమా? నీకు తక్కువ పడ్తయేమో అనుకున్న."

"సున్నా ఎందుకు ఎయ్యలే?"

ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "శుభమా అని నీ పని షురూ అయితుంటె సున్న ఎవలన్న పెడ్తరా బిడ్డా? పెండ్లిల సదివిచ్చినా నూటపదార్లు అంటం గని నూరంటమా? ఏడు వేల అంకెలు, ఒక్కదాని ఆఖర్ల సున్న పడకుండ సూసుకున్న. పదిహేను దినాలు కూసున్న దాని మీద. నడుము వంగిపోయింది."

"నాలుగు సచ్చినయని చెప్పకపోతివి."

"నువ్వు బస్సెక్కుతుంటివి. రిజిస్టర్ కోసమే వచ్చినవ్. బయలెల్లేటప్పుడు సావు మాట ఎట్ల చెప్పాలె?"

కరుణకు కోపం రావాలి. దాని కోసం వెతుక్కుంది. దొరకలేదు. చిన్నప్పుడు తన వంద మార్కులు ఊళ్లోకి వెళ్లేసరికి నూటపదార్లు కావడం గుర్తొచ్చింది. అప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఎవరూ దిద్దలేదు.

ఉత్తరం సంగతి మొత్తం చెప్పింది. కోదాడ వైపు రెండు వేల గొర్రెల సంగతీ చెప్పింది. లింగస్వామి వింటూ వింటూ గోడ మీద కూర్చుండిపోయాడు.

"కొలువు?"

"పోతది."

"నా పేరు ఒక్కటే రాయి. తప్పు జేసిన ముసలోడు వీడే అని రాయి. నీ పేరు తీసెయ్."

"అట్ల కుదరది నాయినా. రాసినప్పుడు ముగ్గురం ఉన్నం. తీసేటప్పుడు గూడ ముగ్గురం ఉండాలె."

ఆమె బ్యాగులోంచి, తప్పు థర్మామీటర్‌ది అని రాసిన కాగితాన్ని తీసి నాలుగు ముక్కలు చేసింది. రెండోది గోడ మీద పరిచి, గాలికి ఎగరకుండా అంచు మీద థర్మామీటర్ డబ్బా పెట్టింది. పెన్ను ఇచ్చింది. మిల్లులో ముప్పై ఏళ్లు చీటీల మీద చకచకా సంతకం పెట్టిన చెయ్యి ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి కదిలింది.

"ఏం మామా, మూడో పేపరా?" హోటల్లోంచి జితేందర్ కేక వేశాడు. "ఈసారి ఏం శాస్త్రం?"

లింగస్వామి తల తిప్పాడు. అందరూ ఇటే చూస్తున్నారు. రుక్కమ్మ వడగట్టే గుడ్డ చేతిలో పట్టుకుని ఆగింది.

"కాదు రా," అన్నాడు. "ఉన్న రెండు ఎనక్కి తీస్కుంటున్న. నేను ఒక్క గొర్రెను గూడ ముట్టలే. అన్ని ఇంట్ల కూసోని రాసిన."

అందరూ హోటల్ కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

"అగో, మల్ల షురూ జేసిండు!"

"ఇంట్ల కూసోని ఏడు వేలంట! రెండు శాస్త్రాలోళ్లు నమ్మిండ్రంట!" రుక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గిది మాత్రం మరీ ఎక్కువైంది లింగసామీ. జర తగ్గియ్యి."

"మొసలే నయ్యం మామా!" అన్నాడు జితేందర్.

లింగస్వామి వాళ్ల మీద నుంచి చూపు తిప్పి మళ్లీ కాగితం వైపు తిరిగాడు.

"తేదీ గూడ ఎయ్యి నాయినా," అంది కరుణ.

"ఎంత ఇయ్యాల?"

"ఇరవై."

ఆయన రెండు వేశాడు. పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. కూతురి మొహంలోకి చూశాడు, ఇంకో అంకె ఏదైనా చెబుతుందేమోనన్నట్టు. ఆమె కాగితం అంచును వేలితో నొక్కి పట్టుకుంది. వెనక నవ్వులు ఇంకా ఆగలేదు. లింగస్వామి కాగితం మీదికి వంగి, రెండు పక్కన మెల్లగా సున్నా చుట్టాడు.